కోక్యూ10 క్యాప్సూల్ రివ్యూ: మిల్లీగ్రాముల కంటే ముందు నూనె చూడండి

మా అమ్మకి వాడుతున్న కోఎంజైమ్ క్యూ10 (కోక్యూ10) సాఫ్ట్‌జెల్, అంటే లోపల నూనె నింపిన మెత్తటి జెలటిన్ క్యాప్సూల్, గురించి ఈ రివ్యూ. 100 మి.గ్రా. క్యాప్సూల్, పది ఉన్న అల్యూమినియం స్ట్రిప్, మా ఇంటి దగ్గర మెడికల్ షాపులో 400 రూపాయలకి కొంచెం తక్కువ పడింది. లోపల సరుకు బాగుంది, ప్యాకింగ్ ఇంకా బాగుంది, ధర ఎక్కువ, లేబుల్ మాత్రం చెప్పాల్సిన వాటిలో సగమే చెప్తోంది. ఐదుకి నాలుగు ఇస్తాను. బ్రాండ్ పేరు రాయడం లేదు. ఈ వ్యాపారంలో ఒకే ఫ్యాక్టరీలో తయారైన క్యాప్సూల్ మూడు నాలుగు కంపెనీల పేర్లతో, మూడు నాలుగు ధరలకి అమ్ముడవుతుంటుంది, ఇవాళ ఒక చోట చేయించుకున్న కంపెనీ వచ్చే ఏడాది ఇంకో చోట చేయించుకుంటుంది, అందుకని పేరు చెప్పి వదిలేస్తే మీకు ఒరిగేది తక్కువ. ఏం చూసి కొనాలో తెలిస్తే ఏ బ్రాండ్ చేతికొచ్చినా మీరే తేల్చుకోగలరు.

నేను బీ ఫార్మసీ చదివి, జీడిమెట్లలో సాఫ్ట్‌జెల్ క్యాప్సూల్స్ చేసే ఒక యూనిట్‌లో ఫార్ములేషన్ డెవలప్‌మెంట్‌లో, అంటే క్యాప్సూల్ లోపల ఏది ఎంత, ఎలా కలపాలో తేల్చే విభాగంలో పనిచేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను, ఏ సప్లిమెంట్ కంపెనీతోనూ సంబంధం లేదు. కోక్యూ10 పొడితో నేరుగా పనిచేశాను కాబట్టి, షాపులో దాని డబ్బా కనిపిస్తే వెనక్కి తిప్పి ఇన్‌గ్రీడియెంట్స్ చదవకుండా ఉండలేను.

అసలు ఇదేంటో తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. మన కణాల్లో మైటోకాండ్రియా అని ఉంటాయి కదా, తిన్న తిండి నుంచి శక్తి తయారయ్యేది అక్కడే. ఆ పనిలో ఎలక్ట్రాన్లు ఒక దగ్గర నుంచి ఇంకో దగ్గరికి చేరాలి. వాటిని మోసుకెళ్లేది ఈ కోక్యూ10. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఫ్రెడరిక్ క్రేన్ 1957లో దీన్ని పశువుల గుండె కండరం నుంచి వేరు చేశాడు. మరుసటి ఏడాది మెర్క్ కంపెనీలో కార్ల్ ఫోకర్స్ బృందం దీని నిర్మాణం తేల్చింది. కణం శక్తిని ఎలా కూడగట్టుకుంటుందో వివరించినందుకు పీటర్ మిచెల్‌కి 1978లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది, ఆయన చెప్పిన దాంట్లో ఈ పదార్థానికి పెద్ద పాత్రే ఉంది. ఇది విటమిన్ కాదు, మన శరీరమే తయారు చేసుకుంటుంది. మాంసం, చేపలు, వేరుశనగలు, నువ్వుల లాంటి వాటి నుంచి కూడా వస్తుంది కానీ రోజంతా తిన్నదాన్లోంచి వచ్చేది నాలుగైదు మిల్లీగ్రాములు, అంతే. క్యాప్సూల్‌లో వంద ఉంది. అంటే తిండి ద్వారా వచ్చే దాన్ని భర్తీ చేసే సప్లిమెంట్ లాగా కాకుండా, ఒక మందు మోతాదులాగా ఆలోచించాల్సిన వస్తువు ఇది.

మా అమ్మ సంగతి. గుండె డాక్టర్ గారు కొలెస్ట్రాల్‌కి అటార్వాస్టాటిన్ అనే స్టాటిన్ మందు రాశారు, వేసుకుంటోంది, కొలెస్ట్రాల్ తగ్గింది, కానీ తొడలు, పిక్కలు పట్టేసినట్టు నొప్పులు మొదలయ్యాయి. స్టాటిన్ మందు కొలెస్ట్రాల్ తయారీని ఎక్కడ ఆపుతుందో, సరిగ్గా ఆ దారిలోంచే శరీరం కోక్యూ10 కూడా తయారు చేసుకుంటుంది. అందుకని స్టాటిన్ వేసుకునే వాళ్ల రక్తంలో కోక్యూ10 తగ్గుతుంది, ఇంతవరకు ఎవరికీ అనుమానం లేదు. బయటి నుంచి ఇస్తే ఆ నొప్పులు తగ్గుతాయా అంటే మాత్రం కొన్ని పరీక్షల్లో తగ్గాయని, కొన్నింట్లో ఏ తేడా లేదని వచ్చింది. డాక్టర్ గారు కూడా అదే మాట చెప్పి, స్టాటిన్ డోసు కొంచెం తగ్గించి, "ఇది కూడా వేసి చూడండి, నష్టం లేదు, తగ్గకపోతే ఆపేద్దాం" అన్నారు. అలా సూటిగా చెప్పే డాక్టర్ దొరకడం మా అదృష్టం.

ఇక అసలు విషయం, ఫార్ములేషన్. కోక్యూ10 అనేది పసుపు నారింజ రంగులో ఉండే పొడి. నీళ్లలో అస్సలు కరగదు. అణువు పెద్దది, దాని అణుభారం 863, పైగా పొడుగాటి తోక ఉంటుంది, ఆ తోకంతా కొవ్వుకే అతుక్కునే రకం. పొడిగా మింగితే పేగులోంచి రక్తంలోకి వెళ్లేది చాలా కొద్ది, మిగతాదంతా వచ్చిన దారిన బయటికి పోతుంది. అందుకే దీన్ని నూనెలో కలిపి సాఫ్ట్‌జెల్ చేస్తారు. అయితే నూనెలో కలిపితే పనైపోయిందా అంటే అవ్వలేదు, కష్టం మొదలయ్యేదే అక్కడ. ఈ పొడి సుమారు 48 డిగ్రీల వేడి దగ్గర మైనంలా కరిగి ద్రవమవుతుంది. నూనెని వెచ్చబెట్టి పొడి వేస్తే చక్కగా కలిసిపోయి ఎర్రటి పారదర్శకమైన ద్రవం అవుతుంది, చూస్తే ముచ్చటేస్తుంది. చల్లారనివ్వండి, చలికాలం సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టు మళ్లీ స్ఫటికాలు కట్టేస్తుంది. మామూలు సోయా నూనెకి గది వేడి దగ్గర వంద మిల్లీగ్రాములు పట్టుకునే శక్తి లేదు. అవి పెద్ద స్ఫటికాలైతే పేగు వాటిని కరిగించుకోలేదు, పొడి మింగినదానికీ దీనికీ తేడా ఉండదు. కాబట్టి ఎంత వేడి దగ్గర కలిపాం, ఎంత వేగంగా చల్లార్చాం, ఏ నూనె వాడాం, పొడి నూనెలో విడివిడిగా కలిసి ఉండేలా చేసే లెసిథిన్ వేశామా, తేనెమైనం ఎంత వేశాం, ఇవన్నీ కలిసి ఆ క్యాప్సూల్ పనిచేస్తుందా లేదా అన్నది తేలుస్తాయి. లేబుల్ మీద వంద అని అచ్చేయడం తేలిక.

స్పెయిన్ పరిశోధకులు 2019లో ఒక పని చేశారు. ఏడు రకాల తయారీలు తీసుకుని, ఒక్కోదాంట్లో వంద మిల్లీగ్రాములే ఉండేలా చూసి, ఆ ఏడూ ఒకే 14 మంది ఆరోగ్యవంతులకి ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి రక్తంలోకి ఎంత చేరిందో కొలిచారు. అన్నింట్లో ఉన్నది వందే, చేరింది మాత్రం దేనికది. స్ఫటికాలు విడిపోయేలా వేడి చేసి చల్లార్చే పద్ధతిలో చేసిన సాఫ్ట్‌జెల్ పైకొచ్చింది, అదే పదార్థాన్ని ఆ పద్ధతి లేకుండా చేస్తే శోషణ బాగా పడిపోయింది. పధ్నాలుగు మంది అంటే చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను, కానీ మా బెంచ్ మీద మైక్రోస్కోప్ కింద కనిపించే దానికీ అదే అర్థం.

తయారీలో ఇంకో తలనొప్పి మైనం. మైనం తక్కువైతే పొడి అడుగుకి దిగిపోతుంది, మొదట నిండిన క్యాప్సూల్స్‌లో ఒక లెక్క, ఆఖర్లో నిండిన వాటిలో ఇంకో లెక్క. ఎక్కువైతే మిశ్రమం చిక్కబడి పంపు సరిగ్గా తోయదు, ఒక్కో క్యాప్సూల్‌లో నిండే బరువు ఊగుతుంది. వేడి చేసి పలచన చేద్దామంటే క్యాప్సూల్ పైపొర అయ్యే జెలటిన్ రిబ్బన్ మెత్తబడి సీల్ దగ్గర లీక్. దీనికి తోడు వెలుతురు పడితే పదార్థం పాడవుతుంది కాబట్టి గదిలో లైట్లు తగ్గించి పని చేయాలి, గాలి తగలకుండా ట్యాంకులో నైట్రోజన్ పెట్టాలి. ఆ రంగు గౌన్ మీద పడిందంటే ఇక పోదు. రెండు రూపాయల్లో తేలే విటమిన్ మాత్రకీ దీనికీ ధరలో అంత తేడా ఎందుకుందో ఒక ముప్పావు వంతు ఇక్కడే అర్థమవుతుంది. మిగతా పావు డబ్బా మీద గుండె బొమ్మకి.

నేను కొన్న క్యాప్సూల్‌ని బ్లేడుతో కోసి చూశాను. ముదురు నారింజ రంగు చిక్కటి ముద్ద, వేళ్ల మధ్య రాస్తే ఇసుక తగల్లేదు, మెత్తగా జారింది. వాసన లేదు, అంటే నూనె కంపు పట్టలేదు. ఇన్‌గ్రీడియెంట్స్‌లో సోయా నూనె, లెసిథిన్, తేనెమైనం, విటమిన్ ఇ అని రాశారు, ఇది పద్ధతి తెలిసిన వాళ్లు చేసిన ఫార్ములా. వేలితో రాసి చూస్తే ల్యాబ్ పరీక్ష అయిపోదు, పెద్ద గరుకుంటే మాత్రం తెలిసిపోతుంది. స్ట్రిప్ రెండు వైపులా అల్యూమినియమే, వెలుతురు పడదు. ఇందులో ఈ కంపెనీకి పూర్తి మార్కులు. ఎండ తగిలే షెల్ఫ్‌లో పారదర్శకమైన ప్లాస్టిక్ బ్లిస్టర్‌లో కోక్యూ10 అమ్మే వాళ్లని చూశాను, అది కొనకండి.

పోల్చడానికి ఇంకో రెండు కూడా తెప్పించాను. ఒకటి ఆన్‌లైన్‌లో 200 మి.గ్రా. అని, సగం ధరకి. గట్టి క్యాప్సూల్, విప్పితే లోపల పొడి, దాంతోపాటు మిరియాల సారం కొద్దిగా. నూనె చుక్క లేదు. మిరియాల సారం శోషణ పెంచుతుందని రాశారు, కొంత పెంచుతుందేమో గానీ కరగని పొడిని అది కరిగించదు. రెండు వందలు అని చూసి జనం ఎగబడి కొంటున్నారు, నాకు చాలా బాధనిపించింది. పైగా మే నెల ఎండల్లో పార్సిల్ రోజుల తరబడి ఎక్కడో గోడౌన్‌లో ఆగింది. 48 డిగ్రీలకి కరిగే వస్తువు మన విజయవాడ, రామగుండం ఎండల్లో డెలివరీ వ్యాన్‌లో తిరిగితే లోపల ఏమవుతుందో ఊహించండి. ఎండాకాలం ఇలాంటివి ఆన్‌లైన్‌లో తెప్పించొద్దు, ఏసీ ఉన్న మెడికల్ షాపులో కొనండి.

రెండోది డల్లాస్ నుంచి మా బావ తెచ్చిన బాటిల్, యుబిక్వినాల్ రకం. మామూలు రకాన్ని యుబిక్వినోన్ అంటారు, శరీరంలో ఈ రెండూ ఒకదాన్లోంచి ఒకటిగా మారుతూనే ఉంటాయి. యుబిక్వినాల్ రక్తంలోకి బాగా చేరుతుందని చూపిన అధ్యయనాలున్నాయి, పెద్ద వయసు వాళ్లకి పనికొస్తుందని కొందరు డాక్టర్లు నమ్ముతారు. సమస్యేంటంటే గాలి తగిలితే అది తిరిగి యుబిక్వినోన్ అయిపోతుంది. ఫ్యాక్టరీలో గాలి తగలకుండా జాగ్రత్తపడతారు సరే, మనం రోజూ మూత తీసే బాటిల్‌లో, మన తేమలో ఎన్నాళ్లు? మా ఇంట్లో ఉన్న బాటిల్ సగానికి వచ్చేసరికి కొన్ని క్యాప్సూల్స్ ఒకదానికొకటి అతుక్కున్నాయి. రెట్టింపు ధర పెట్టి దీన్ని కొనమని నేను ఎవరికీ చెప్పను. బాగా చేసిన మామూలు యుబిక్వినోన్ సాఫ్ట్‌జెల్ చాలు. అమెరికా నుంచి తెచ్చే వాళ్లుంటే బాటిల్ మీద యూఎస్‌పీ వెరిఫైడ్ గుర్తు ఉందేమో చూడమనండి, లేబుల్ మీద రాసినంత లోపల ఉందని బయటి సంస్థ పరీక్షించిందని దానర్థం.

ముడి సరుకు గురించి ఒక మాట చెప్పాలి, ఇది మన వాళ్లు చాలామందికి తెలియదు. కోక్యూ10 రెండు దారుల్లో తయారవుతుంది. ఒకటి ఈస్ట్ లాంటి సూక్ష్మజీవులతో పులియబెట్టి, జపాన్‌లో కనేకా కంపెనీ 1970ల నుంచి ఇదే చేస్తోంది. ఇంకోటి పొగాకు నుంచి. అవును, పొగాకే. పొగాకు ఆకులో సొలనెసాల్ అని ఒక పదార్థం ఉంటుంది, కోక్యూ10కి ఉండే ఆ పొడుగాటి తోక చాలావరకు అందులోనే ఉంది. దాన్ని తీసి రసాయన పద్ధతిలో మిగతాది కలుపుతారు. రాజమండ్రిలో 1947లో పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థలో పొగాకు నుంచి సొలనెసాల్ తీయడం మీద చాలా పని జరిగింది. గుంటూరు, ప్రకాశం రైతు ధర రాక ఏడ్చే పొగాకు, బేళ్లకి పనికిరాని తుక్కు ఆకుతో సహా, ఇలా గుండె మందుకి ముడి సరుకు కాగలదంటే నాకు ఎంతో ఆశగా ఉంటుంది. శుద్ధి చేసిన కోక్యూ10లో నికోటిన్ ఉండదు, ఆ భయం అక్కర్లేదు. రసాయన పద్ధతిలో సిస్ ఐసోమర్ అనే వేరే ఆకారం కొంచెం మిగిలే అవకాశం ఉంది, దాన్ని హద్దులో ఉంచారా అన్నది పరీక్షించి తీరాలి. ఈస్ట్ నుంచి వచ్చేది పూర్తిగా శరీరంలో ఉండే ఆకారమే. నేను కొన్న స్ట్రిప్ మీద ఏ దారిలో వచ్చిందో లేదు. మెయిల్ చేసి అడిగితే "ఫర్మెంటేషన్ గ్రేడ్" (పులియబెట్టి చేసిన రకం) అని ఒక్క ముక్క జవాబిచ్చారు, ఎవరి దగ్గర కొంటున్నారో, బ్యాచ్ రిపోర్ట్ ఇవ్వగలరో లేదో చెప్పలేదు. ఒక మార్కు తగ్గించింది ఇందుకే.

లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే పధ్నాలుగు అంకెల లైసెన్స్ నంబరు ఉంది, హెల్త్ సప్లిమెంట్ అని ఉంది, ఔషధంగా వాడడానికి కాదు అని కూడా ఉంది. జెలటిన్ క్యాప్సూల్ కాబట్టి మాంసాహారం గుర్తు ఉంది, శాకాహారులు చూసుకోండి. ఇదంతా సరిగ్గానే ఉంది. డబ్బా ముందు వైపు "రోజంతా ఎనర్జీ" అని పెద్దక్షరాలతో రాయడం మాత్రం నాకు నచ్చలేదు. కాఫీ తాగితే వచ్చే హుషారు లాంటిది దీంతో రాదు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల వాళ్లు ఆఫీసులో నీరసంగా ఉందని ఇది కొంటున్నారు, వాళ్లు ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 చూపించుకోవాలి. కూరగాయలే తినే ఇళ్లలో బీ12 తక్కువ ఉండడం మామూలు, ఆ మాత్రకి ధరలో దీంతో పోలికే లేదు.

కోక్యూ10కి గట్టి ఆధారం ఉన్నది హార్ట్ ఫెయిల్యూర్‌లో, అంటే గుండె బలహీనపడి రక్తాన్ని సరిగ్గా పంపు చేయలేని జబ్బులో. జపాన్‌లో 1974లోనే దీన్ని గుండె మందుగా ఒప్పుకున్నారు. 2014లో వచ్చిన క్యూ సింబియో ట్రయల్‌లో 420 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో సుమారు సగం మందికి మామూలు మందులతో పాటు రోజుకి 300 మి.గ్రా. చొప్పున రెండేళ్లు ఇచ్చారు. పెద్ద గుండె సమస్యలు ఇది వాడిన వాళ్లలో 15 శాతానికి, వాడని వాళ్లలో 26 శాతానికి వచ్చాయి. మామూలు మందులతో పాటు అన్న మాట గుర్తుంచుకోండి, వాటి బదులు కాదు. అదే ఏడాది పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు మీద 600 మందితో చేసిన ట్రయల్ ఫలితం కూడా వచ్చింది, రోజుకి 2400 మి.గ్రా. వరకు ఇచ్చినా ఉపయోగం కనిపించక మధ్యలో ఆపేశారు. ఒకే పదార్థం, ఒక చోట ఆశ, ఇంకో చోట ఏమీ లేదు. మెదడుకి, కీళ్లకి, చర్మానికి, అన్నింటికీ అని ఒకే డబ్బా మీద రాసే వాళ్ల దగ్గర కొనకపోవడమే మంచిది.

అలాగే పదిహేను రకాలు కలిపిన కాంబినేషన్ క్యాప్సూల్స్ వద్దు. కోక్యూ10, కార్నిటిన్, లైకోపిన్, సెలీనియం, ఒమేగా 3, జింక్ అని వరసగా ఉంటాయి. ఒక సాఫ్ట్‌జెల్‌లో పట్టేదే గ్రాముకి కాస్త అటూ ఇటూ, అందులో నూనెకి, మైనానికి చోటు పోగా ఒక్కోటి ఎంత పడుతుందో మీరే లెక్కేయండి. ఫార్ములేషన్‌లో మాకు మార్కెటింగ్ వాళ్లతో ఎప్పుడూ గొడవ దీని దగ్గరే, లేబుల్ మీద ఇంకో పేరు కావాలంటారు, పెట్టడానికి క్యాప్సూల్‌లో చోటుండదు.

వేసుకునే విధానం. ఖాళీ కడుపుతో వేసుకుంటే డబ్బు దండగ, కొవ్వున్న తిండితో వేసుకోవాలి. గుండె జబ్బు అనగానే మా అమ్మ నూనె, నెయ్యి దాదాపు మానేసింది, పొద్దున్నే ఇడ్లీ తిని వేసుకుంటానంది. మధ్యాహ్నం పప్పన్నంలో చెంచాడు నెయ్యి వేసి, తిన్న వెంటనే క్యాప్సూల్ ఇస్తున్నాను. సైజు చూసి మొదట "ఏమేవ్, ఇంత లావు మాత్ర గొంతు దిగుతుందా?" అంది. నిజంగానే పెద్దది, మింగడం ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకి 50 మి.గ్రా.వి రెండు పూటలా ఇవ్వడం నయం, ఒకేసారి ఎక్కువ వేస్తే శోషణ శాతం తగ్గుతుంది కూడా. కడుపులో తిప్పడం, రాత్రి వేసుకుంటే నిద్ర పట్టకపోవడం కొందరికి ఉంటుంది, అమ్మకి ఏమీ రాలేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే వాళ్లు, అంటే వాల్వ్ మార్చిన వాళ్లు ముఖ్యంగా, డాక్టర్‌ని అడక్కుండా దీన్ని ముట్టుకోవద్దు. ఇది విటమిన్ కె పోలికలో ఉంటుంది, వార్ఫరిన్ పని తగ్గించి రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో ఈ మాట ఎవరూ అడగరు, మీరే చెప్పాలి.

అమ్మ నొప్పులు ఇప్పుడు తగ్గాయి, మెట్లు ఎక్కుతోంది. కానీ డాక్టర్ గారు స్టాటిన్ డోసు కూడా తగ్గించారు కాబట్టి ఈ మేలు దేని వల్లో నేను చెప్పలేను, క్యాప్సూల్ వల్లే అని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా వాడి, తర్వాత కొన్నాళ్లు ఆపి చూద్దామన్నారు ఆయన. ఆపినప్పుడు నొప్పులు మళ్లీ మొదలైతే ఇదే స్ట్రిప్ కొంటాను, లేకపోతే ఆ డబ్బు అమ్మ ఫిజియోథెరపీకి పెడతాను.